వారాన్నము నుండి వసతిగృహము వఱకు

సైదాబాదు పరిసరములలో తిరుగువారికి పూర్వచరిత్ర కోటగోడలలో కంటె పేటల పేర్లలోనే ఎక్కువగా ఎదురగుచుండును. మూసారాంబాగు అను పేరులో ఫ్రెంచి సేనాని రేమాండు దాగి యున్నాడు. 1798లో మరణించిన ఆ పరదేశి పేరును నగరజనులు తమ నాలుకకు అనువుగా మలచుకొని మూసారామునిగా చేసికొనిరి. దిల్‌సుఖ్‌నగరు దిల్‌సుఖ్ రామ్ ప్రసాదు అను భూస్వామి పేరున వెలసినది. సరూర్‌నగరు నిజాము ప్రధాని అరస్తూజా కుటుంబమునకు చెందిన సరూర్ అఫ్జాబాయి పేరును నేటికిని మోయుచున్నది. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు ఎల్‌బీనగరు వఱకు నడచినది మొదలు ఈ పేర్ల వరుసలో మఱియొకటి దినమునకు వేలమంది చెవిని పడుచున్నది. చైతన్యపురి దాటిన పిమ్మట, ఎల్‌బీనగరునకు ముందు, విక్టోరియా మెమోరియల్ అని బండిలో ప్రకటన వినబడును. వినువారిలో పలువురు అది ఏదో విగ్రహమో, తోటయో యని తలంతురు. ఆ పేరు ఒక రాణిది. ఆ స్థలము మాత్రము దిక్కులేని పిల్లలది.

1901 జనవరిలో విక్టోరియా రాణి మరణించినపుడు హైదరాబాదును ఏలుచుండినవాడు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్. రాణి జ్ఞాపకార్థము ఇరువదవ శతాబ్దారంభమున సరూర్‌నగరు రాజప్రాసాదము అనాథబాలల ఆశ్రయమునకు సమర్పింపబడెను. ఇతర నగరములు ఆ రాణికి చలువరాతి ప్రతిమలు నిలిపిన దినములలో, ఇచట ఆమె పేర పిల్లలకు ఇల్లు ఏర్పడుట మెచ్చదగిన విషయము. విశాలమైన ఆవరణము, చెట్లు, ఎత్తైన కట్టడము, ఇవి యన్నియు ఆ దానమునందు గలవు. రాజులు మాఱిరి, రాజ్యమే మాఱినది. కాని పిల్లలు అచట చదువుకొనుట మానలేదు.

అయినను రాజదానమున ఒక లక్షణము కలదు. అది ఒక్క చేతి వ్రాలుతో పుట్టును. ఇరుగుపొరుగువారి చేయి దానికి అవసరము లేదు. కావుననే దాని పక్కన తరములుగా కాపురమున్నవారు సైతము దానిని ప్రభుత్వపు గోడగానే చూచుచు నడచిపోవుదురు. యువజనుల పోషణము రాజుగారి పనియా, కులపెద్దల పనియా, లేక వీధివారి పనియా అను ప్రశ్న ఈ గోడ యొద్దనే మాకు మొదట కలిగినది. ఈ ప్రశ్నకు మన నగరము గడచిన నూఱు సంవత్సరములకు పైగా అనేక విధముల ఉత్తరములు చెప్పుచు వచ్చినది. ఆ ఉత్తరములను వరుసగా పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఉత్తరములను వెదకవలసిన అగత్యము మాకు గ్రంథముల వలన కలుగలేదు. మా తప్పిదము వలన కలిగినది. మా పేటలో ఉపాధ్యాయులము, ఉద్యోగులము కొందఱము కలిసి ఒక చిన్న నిధిని నడపుచున్నాము. పదవతరగతి దాటి పైచదువునకు పోవ శక్తిలేని పిల్లలకు పరీక్షరుసుము, పుస్తకములు, బస్సుపాసు సమకూర్చుట దాని పని. ప్రారంభించిన రెండవ యేట వార్షికోత్సవము చేసితిమి. చందాదారులు సంతోషింతురని, సాయము పొందిన పిల్లలను వేదిక యెక్కించి, పేరు, తండ్రిపేరు, తండ్రి చేయు కూలిపని చదివి, ఒక్కొక్కరి చేత కవరు పెట్టి ఛాయాచిత్రములు తీయించితిమి. చప్పట్లు బాగుగనే మ్రోగినవి. మఱునాడు ఒక బాలుడు ఆ కవరును విప్పకయే మా యింటి గుమ్మము మీద పెట్టి పోయెను. పిలువనంపిన రాలేదు. వాని తండ్రి మాత్రము వచ్చి, "అయ్యవారూ, మా వాడు పొగరుబోతు కాడండి. నలుగురిలో నా పని చదివినప్పటినుంచి అన్నం సరిగ తింటలేడు" అని తల వంచుకొని పోయెను.

తైత్తిరీయోపనిషత్తున శిక్షావల్లిని మేము పిల్లలకు అనేక పర్యాయములు పాఠము చెప్పియున్నాము. శ్రద్ధతో ఇయ్యవలెనని, అశ్రద్ధతో ఇయ్యరాదని, సిగ్గుతో ఇయ్యవలెనని అందు ఆచార్యుడు శిష్యునకు బోధించును. ఇచ్చువాడు సిగ్గుపడుట యేమని విద్యార్థి దశలో మేము ఆశ్చర్యపడితిమి. ఆ కవరు గుమ్మము మీద కనబడిన నాడు అర్థమైనది. ఉపనిషత్తు దాతకు విధించిన సిగ్గును మేము గ్రహీత నెత్తిన పెట్టితిమి. ఈ పాపము మేము క్రొత్తగా కనుగొన్నది కాదు. మన దేశమున విద్యాదానము నడచిన దారి పొడుగునను ఇది యున్నది. దానిని తొలగించుటకు పూర్వులు చేసిన ప్రయత్నములును ఆ దారిలోనే యున్నవి.

ఆ దారి మొదట వారాన్నము కనబడును. పల్లెనుండి పట్టణమునకు చదువునకు వచ్చిన బీదబాలుడు ఏడిండ్లు కుదుర్చుకొనును. సోమవారము ఒకరి యింట, మంగళవారము మఱియొకరి యింట భోజనము. వారాలబ్బాయి అను మాట నేటికిని మన యిండ్లలో ముదుసలుల నోట వినబడుచున్నది. ఆ పద్ధతిని కేవలము తృణీకరించుట న్యాయము కాదు. దానికి కార్యదర్శి లేడు, చందా పుస్తకము లేదు, అయినను అది శతాబ్దములు నడచినది. ఏ గృహస్థునకును అది మోయరాని భారము కాదు, వారమునకొక విస్తరి. ఆ విస్తరి వెనుక పొయ్యి యొద్ద కూర్చున్న ఇల్లాలి శ్రమ ఏ చరిత్రయందును వ్రాయబడలేదు గాని, పందొమ్మిదవ శతాబ్దపు విద్యావంతులలో పలువురు ఆ శ్రమ తిని పెరిగినవారే.

కాని ఆ విస్తరికి అవతల ఏమున్నదో కూడ చూడవలెను. ఆ యింట మైల వచ్చిన దినమున బాలునకు ఉపవాసము. ఇంటివారికి అలుక వచ్చిన ఆ వారము ఖాళీ. నీళ్లు తోడుట, అంగడికి పోవుట, చంటిపిల్లను ఎత్తుకొనుట వానికి ఎవరును చెప్పకయే తెలిసిన విధులు. అన్నిటికి మించి ఆ విస్తరి అగ్రవర్ణపు బాలునకే. రైతుబిడ్డ, సాలెవాని బిడ్డ, మాలమాదిగల బిడ్డ చదువుకొనవలెనన్న వారమిచ్చు గడప ఊరంత వెదకినను దొరకదు. ఇక ఆడుపిల్లకు వారము అను ఊహయే లేదు.

బీదబాలుని చదువు ఒక్కొక్కప్పుడు వ్యక్తుల ఔదార్యము మీద నిలిచినది. టంగుటూరి ప్రకాశము గారి తండ్రి చిన్ననాటనే గతింపగా, తల్లి ఒంగోలున పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పోషించినది. ఉపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఆ బాలుని చేరదీసి, తాను రాజమహేంద్రవరమునకు పోవునపుడు వెంట తీసికొనిపోయిరి. ఆ ఉపాధ్యాయుడు లేకున్న ఆంధ్రకేసరి లేడు. ఇది ఉపాధ్యాయవృత్తికి గర్వకారణమే. కాని సమాజమునకు కాదు. ఏలయన, ఒక నాయుడు గారు కనబడని బాలురు ఎందఱు పొలమునకో, పశువుల వెంటనో మరలిపోయిరో లెక్క వ్రాసినవారు లేరు. ఔదార్యము వ్యక్తితో పుట్టి వ్యక్తితో పోవును. దానిని నిలుపుటకు సంస్థ కావలెను.

నిజాము రాష్ట్రమున ఈ అవసరము మఱింత తీవ్రముగ నుండెను. రాజభాష ఉర్దూ; ఉన్నతపాఠశాలలు కొలదిపాటి పట్టణములకే పరిమితములు; తెలంగాణపు పల్లెలో నాలుగక్షరములు నేర్చిన బాలునకు పైచదువు కావలెనన్న హైదరాబాదే గతి. హైదరాబాదున వానికి తెలిసినవారు లేరు, వాని భాషకు మన్నన లేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము తెలుగువానికి ఈ నగరమున పుస్తకము పట్టుకొని కూర్చుండుటకు చోటు కల్పించెను. పండుకొనుటకు చోటు, కడుపునకు కూడు మాత్రము ఇంకను కావలసి యుండెను.

1918లో రెడ్డి హాస్టలు ఆ కొఱత తీర్చుటకు పుట్టినది. ఆ యేడే ఉస్మానియా విశ్వవిద్యాలయము కూడ వెలసినది. హాస్టలునకు ప్రాణము రాజా బహద్దూర్ వేంకటరామారెడ్డి గారు. 1920 నుండి 1934 వఱకు నగర కొత్వాలుగా పేరుగాంచిన ఆయన ఏడవ నిజామునకు విశ్వాసపాత్రుడు, సంస్థానాధీశులకు ఆప్తుడు. ఆ పలుకుబడిని తన యింటికి గాక విద్యార్థుల వంటయింటికి వినియోగించుట ఆయన గొప్పతనము. వనపర్తి మొదలగు సంస్థానముల ప్రభువులును, దేశ్‌ముఖులును, గ్రామపు పటేళ్లును విరాళము లొసగిరి. గడచిన తరము వఱకు వివాహములకును, వ్యాజ్యములకును మాత్రమే సంచి విప్పిన చేతులు అవి.

సంస్థను పుట్టించుట ఒక యెత్తు; దినదినము నడపుట మఱియొక యెత్తు. ఈ రెండవ పని సురవరము ప్రతాపరెడ్డి గారి భుజముల మీద చాలకాలము ఉండెను. గోలకొండ పత్రికను 1926 మే 10వ తేదీన ప్రారంభించిన సంపాదకుడుగా, 1930లో జోగిపేట ఆంధ్రమహాసభకు అధ్యక్షుడుగా, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రచించిన పండితుడుగా ఆయనను చదువరు లెఱుగుదురు. హాస్టలు బాధ్యతలను మోసిన నిర్వాహకుడుగా ఎఱిగినవారు తక్కువ. ఆయన కాలమున అచట గ్రంథాలయము పెరిగినది, వ్యాయామము, వాదసభలు సాగినవి. పప్పులో ఉప్పు చాలలేదన్న విద్యార్థి మాటకును, తెలంగాణమున కవులు లేరన్న పరిహాసమునకును ఉత్తరము చెప్పవలసినవాడు ఒక్కడే యైనచో ఎట్లుండునో మేము కొంత ఊహింపగలము. రెండవ దానికి ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి ఉత్తరము చెప్పిరి. మొదటి దానికి ఉత్తరము దినమును చెప్పవలసినదే. హాస్టలు నడిపినవారికి అది తెలియును.

వారాన్నమునకును హాస్టలు భోజనమునకును గల భేదము ఇచటనే కనబడును. వారాలబ్బాయి కూరలో ఉప్పు లేదని అనలేడు. హాస్టలు విద్యార్థి అనగలడు. వాడు ఒకరి దయమీద గాక, ఒక నియమము మీద భోజనము చేయుచున్నాడు. దయకు కృతజ్ఞత చెల్లింపవలెను; నియమమును ప్రశ్నింపవచ్చును. మన తెలుగుదేశమున యువకుడు తలయెత్తి మాటలాడుట నేర్చిన బడులలో హాస్టలు పంక్తి యొకటి యని మా అభిప్రాయము.

అయితే గుమ్మము మీద కులము పేరుండుట మాటేమి? ఈ ప్రశ్నను దాటవేయరాదు. రెడ్డి హాస్టలు మార్గముననే తరువాత కాచిగూడయందు మున్నూరుకాపులును, హిమాయత్‌నగరునందు గౌడులును, ఇంకను ఇతర కులములవారును తమతమ విద్యార్థులకు వసతిగృహములు నెలకొల్పిరి. ఇవి కులాభిమానమును పెంచినవని ఒకరు నిందింతురు. ఇవి లేకున్న ఆ కులముల బిడ్డలకు చదువే లేకపోయెడిదని ఒకరు ప్రశంసింతురు. రెండు మాటలును సత్యములే. ఆ కాలమున చందా అడుగవలసివచ్చినవాడు మొదట తన బంధువు గడపకే పోవును. ఇక వంట మాట. ఎవరు వండుదురు, ఎవరి సరసన ఎవరు తిందురు అను తగవు తేలనిదే వేఱువేఱు కులముల పిల్లలను ఒక యింట ఉంచుట నాడు సాధ్యము కాకుండెను. కులపు హాస్టలు ఆ తగవును పరిష్కరింపలేదు, తప్పించుకొనినది.

ఈ విషయమున మనకు పొరుగువారైన మహారాష్ట్రుల అనుభవము పాఠముగా నుండదగినది. కొల్హాపురమున శాహూ మహారాజు 1901లో విక్టోరియా పేరుననే మరాఠా విద్యార్థుల వసతిగృహమును ప్రారంభించెను. పిమ్మట జైనులకు, లింగాయతులకు, ముసల్మానులకు, అస్పృశ్యులకు వేఱువేఱు వసతిగృహములు ఆయన ఆదరమున వెలసినవి. ముందుగా ఒక్కొక్క కులమును చదువు గడప యొద్దకు చేర్పవలెనని ఆయన యుక్తి. ఆ మీది మెట్టు భావురావు పాటీలు గారు ఎక్కిరి. ఆయన 1919లో రయత్ శిక్షణసంస్థను స్థాపించి, సతారాయందు నడపిన వసతిగృహమున అన్ని కులముల బాలురను ఒకే వంటయింట భోజనమునకు కూర్చుండబెట్టిరి. పిల్లలు తామే పనిచేసి, తామే వండుకొనిరి. ఒకే శతాబ్దపు మొదటి పాతికయేండ్లలో ఈ రెండు మెట్లును ఎక్కబడినవి. మొదటి మెట్టు లేక రెండవది లేదు. కాని మొదటి మెట్టు మీదనే కూర్చుండిపోయినవాడు మేడ యెక్కినట్లు కాదు.

మన నగరమున ఏ గుమ్మమును తమకు తెఱవనివారు ఏమి చేసిరో ఇక చూడవలెను. సైదాబాదు నుండి మలక్‌పేట మీదుగ చాదర్‌ఘాటు వంతెన దాటిన అవతల ఇసామియా బజారు కలదు. మాదరి భాగయ్యగా 1888లో పుట్టి భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధుడైన మహనీయుడు అస్పృశ్యులనబడినవారి బిడ్డలకు పాఠశాల తెఱచినది అచటనే. ఆయన 1906లో జగన్మిత్రమండలిని, 1911లో మన్యసంఘమును స్థాపించెను. హరికథలు, భజనలతో జనమును కూర్చి, మద్యపానమును, దేవతల పేర ఆడుబిడ్డలను బలియిచ్చు జోగినీదురాచారమును ఖండించుచు, ఆ కూర్చిన జనము చేతనే బడులు నిలిపించెను. ఉర్దూ రాజ్యమేలు నగరమున ఆ బడులలో బోధనము తెలుగున సాగెను. ఒక్క బడితో ప్రారంభమైన పని ఇరువదికి పైగా బడులకు, రెండువేలకు పైగా విద్యార్థులకు విస్తరించెను.

ఈ సంఖ్యను రెడ్డి హాస్టలు చరిత్ర పక్కన పెట్టి చూడవలెను. అచట సంస్థానాధీశులు, కొత్వాలు. ఇచట దినకూలీలు, ఇండ్లలో పనిచేయువారు. అచట రూపాయలు వచ్చిన చోట ఇచట అణాలు వచ్చినవి. అయినను ఒక విషయమున ఇసామియా బజారు బడి అన్నిటికంటె మిన్న: దానిలో ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే వాడలోనివారు. తండ్రి ఇచ్చిన అణాతోనే కుమారుని పలక వచ్చెను. అట్టి చోట వేదిక మీద ఎవరి తండ్రి పనిని ఎవరు చదివి వినిపింతురు? దానము స్వయంసహాయమైనపుడు సిగ్గు తనంత తానే తొలగిపోవును. మా ఛాయాచిత్రపు ఉత్సవమునకు అన్నిటికంటె గట్టి చెంపపెట్టు మాకు ఈ చరిత్రలో దొరకినది.

ఈ రెండు ప్రవాహములు ఎన్నడును కలియలేదని అనరాదు. రెడ్డి హాస్టలున చదువుకొన్న యువకులలో రావి నారాయణరెడ్డి గారు ఒకరు. భువనగిరి ప్రాంతపు భూస్వామి కుటుంబమున 1908లో జన్మించిన ఆయన 1930ల దశకమున హరిజనసేవ యందు దిగి, ఏ హాస్టలు పంక్తియందు తావులేదో ఆ పిల్లల చదువునకై పాటుపడిరి. పిదప ఆయన తెలంగాణ రైతాంగపోరాటమునకు నాయకుడై, 1952 ఎన్నికలలో దేశమంతట మిక్కిలి పెద్ద ఆధిక్యముతో లోకసభకు నెగ్గిరి. ఆయన రాజకీయములతో ఏకీభవించుటయో, కాకుండుటయో చదువరుల యిష్టము. మేము గమనింపగోరునది ఒక్కటే: కులము పేర పెట్టిన అన్నము తిన్న యువకుడు కులము గోడను దాటెను. కులపెద్దలు తమవానిని పెంచుచున్నామనుకొనిరి. వారు పెంచినది అందఱివానిని. యువజనులను పోషించు సంస్థకు ఇంతకంటె గొప్ప ఫలము లేదు. పోషించినవారు ముందుగా ఊహింపలేని ఫలమును అదియే.

ఆడుబిడ్డల సంగతి ఇంతవఱకు చెప్పలేదు. ఏలయన చరిత్రయే చాల ఆలస్యముగ చెప్పినది. మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడయందు తెలుగు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. బాలికకు బడియే అరుదైన కాలమున వసతి అను మాట ఇంకను దూరము. ఈ లోపమును తన బ్రదుకునందే అనుభవించినది దుర్గాబాయి గారు. బాల్యవివాహపు బంధమునుండి బయటపడి, పెరిగిన పిమ్మట మెట్రిక్యులేషను, పిదప న్యాయశాస్త్రము చదివిన ఆమె మద్రాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, బడి వయస్సు దాటిన స్త్రీలకు తక్కువ కాలములో చదువు పూర్తిచేయు తరగతులు నడపిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై ఆ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసిరి. హైదరాబాదునందును ఆ సభ శాఖోపశాఖలుగ విస్తరించినది. చదువు మానిన యువతికి మరల తలుపు తెఱచుట యను భావమును మనకు నేర్పినవారు ఆమె. బడి మానినవాడు చెడినవాడను లోకాభిప్రాయమునకు అది తగిన ప్రత్యుత్తరము.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వమే సాంఘిక సంక్షేమ వసతిగృహములను విరివిగా తెఱచినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలునందు పి.వి. నరసింహారావు గారి ముఖ్యమంత్రిత్వమున తొలి గురుకుల విద్యాలయము వెలసినది. ఆ విత్తనము నుండి నేటి వందలాది గురుకులములు పుట్టినవి. ఇక ప్రజలు చందాలు వేసికొని చేయవలసిన దేమున్నదని ఇప్పుడు కొందఱు అడుగుదురు. చేయవలసినది చాల యున్నది. ప్రభుత్వము బియ్యము తూచి ఇయ్యగలదు. పరీక్ష తప్పిన రాత్రి బాలుని పక్కన కూర్చుండుట దాని చేత కాదు. మఱియొక సంగతి. 2015 నాటి బాలన్యాయచట్టము ప్రకారము పదునెనిమిది యేండ్లు నిండిన పిల్లవాడు శిశుగృహమును విడువవలెను. ఆ పిదప ఇరువదియొకటవ యేడు వఱకు అనంతరసంరక్షణకు చట్టమున చోటు కలదు. మన యిండ్లలోని బిడ్డలను పదునెనిమిదవ పుట్టినదినమున పెట్టె చేతికిచ్చి వీధిలోనికి పంపుచున్నామా? వారికి ఉద్యోగము వచ్చువఱకు, కొన్ని యిండ్ల యందు ఆ తరువాత కూడ, పెట్టుచునే యున్నాము. గోడ లోపల పెరిగిన బిడ్డకు అద్దెగదికి హామీ సంతకము చేయువాడు, పనిలో చేర్చుటకు తెలిసినవాడనని చెప్పువాడు, పండుగనాడు రమ్మని పిలుచువాడు కావలెను. ఇది చందాతో తీరునది కాదు, చుట్టఱికముతో తీరునది.

సంస్థ పెద్దదగుటయే మంచిదని భ్రమపడరాదు. లండనున బర్నార్డో అను వైద్యుడు 1867లో ప్రారంభించిన సేవ వేలకొలది అనాథబాలురను వీధులనుండి లేవనెత్తినది. ఆ సంస్థయే, మఱికొన్ని ధర్మసంస్థలతో గూడి, పిల్లలను వారి మాట అడుగకయే సముద్రము దాటించి కెనడాకు, ఆస్ట్రేలియాకు పంపినది. బ్రతికియున్న తల్లిదండ్రులు గల బిడ్డలు సైతము అనాథలమని నమ్ముచు పెరిగిరి. 2010 ఫిబ్రవరిలో బ్రిటిషు ప్రధానమంత్రి పార్లమెంటునందు ఆ వలసబాలలకు క్షమాపణము చెప్పిరి. మంచి చేయుచున్నామను నమ్మకము బలముగా నున్నచోట, ఎవరికి చేయుచున్నామో వారిని అడుగుట మఱచిపోవుట సులభము. మా వేదిక మీది తప్పు చిన్నది. కాని దాని వంశము ఇదియే.

ఈ చరిత్ర చదివిన పిమ్మట మా సంఘమున మేము కొన్ని నియమములు మార్చుకొంటిమి. సాయము పొందినవారి పేర్లు చదువుట, ఛాయాచిత్రములు తీయుట నిలిపితిమి. జమాఖర్చులు మాత్రము పైసాతో సహా అందఱి యెదుట చదువుచున్నాము. దాచవలసినది గ్రహీత పేరు; దాచకూడనిది లెక్క. మునుపు మేము చేయుచుండినది సరిగా దీనికి విరుద్ధము. సాయము పొంది పైకి వచ్చిన యువకులలో ఇద్దఱిని కార్యవర్గమున చేర్చుకొంటిమి. ఉప్పు చాలలేదని చెప్పువాడు పంక్తిలో ఉండవలెను గదా! దరఖాస్తునందు కులము గడిని కొట్టివేయుమని ఒకరు, సర్కారు స్కాలర్‌షిప్పునకు అది కావలెను గావున ఉంచుమని మఱొకరు వాదించిరి. ఉంచితిమి, కాని ఎంపిక చేయువారి కాగితమునందు దానిని కనబడనీయము. ఇది సంపూర్ణ పరిష్కారమని మేము చెప్పము. మొదటి మెట్టు మీద కూర్చుండిపోలేదను తృప్తి మాత్రము కలదు.

ఇక ఒక మాట గృహస్థులకు. మన రాష్ట్రపు 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒక సంఘము నమోదగుటకు కనీసము ఏడుగురు కావలెను. నాటి వారాలబ్బాయికి ఏడిండ్లు. నేటి సంఘమునకు ఏడుగురు. సంఖ్య మాఱలేదు, మనుష్యులు ఎక్కడనో యుండరు, ప్రతి వీధిలోనే యున్నారు. మాఱవలసినది విస్తరి పెట్టు తీరు. నాడు ఏడిండ్లవారు ఒకే కులమువారు. నేడు కానక్కఱ లేదు. నాడు బాలుడు ఏడు గడపలు త్రొక్కెను. నేడు ఏడుగురు ఒక గడపకు పోవచ్చును.

కవరు విడిచిపోయిన బాలుని గూర్చి చదువరు లడుగుదురు. మేము వాని యింటికి పోయి తప్పు ఒప్పుకొంటిమి. వాడు మర్యాదగనే వినెను; సాయము మాత్రము తీసికొనలేదు. ఒక దుకాణమున పనికి కుదిరి, సాయంకాలపు కళాశాలలో చదువుకొనెను. ఆ రెండేండ్ల కష్టము వానికి మా వలన కలిగినదని మేము మఱవలేదు. మొన్న జూన్ నెలలో వాని చెల్లెలు మా యింటి గుమ్మము యొద్ద నిలిచి, లోపలికి రాకయే, "సార్, ఫారం ఇస్తరా? ఫోటో దింపుతరా?" అని అడిగినది. దింపమని చెప్పితిమి. అప్పుడు లోపలికి వచ్చి కూర్చుండినది.